సువార్త యాత్ర నుంచి తిరిగొచ్చినవారిని ఎవరు అడుగుతారు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

సువార్త యాత్ర పేరుతో పది రోజులకో నెల రోజులకో విదేశాలకు వెళ్ళి వచ్చే విశ్వాసులు ఇప్పుడు చాలా సంఘాల్లో కనిపిస్తున్నారు. వెళ్ళేముందు వారి కోసం ప్రార్థన కూడికలు జరుగుతాయి, కానుకలు పోగవుతాయి. తిరిగి వచ్చాక ఒక ఆదివారం ఆరాధన చివర్లో కొన్ని ఫొటోలు తెర మీద చూపించి, ఎన్ని కూటాలు జరిగాయో, ఎందరు చేతులెత్తారో చెప్పించి, చప్పట్లతో పంపేస్తారు. ఈ యాత్రల వల్ల అక్కడివారికి జరిగిన మేలెంత అన్న చర్చ అప్పుడప్పుడూ పత్రికల్లో వస్తూనే ఉంటుంది గానీ, వెళ్ళినవారి విశ్వాసం ఏమయిందన్న ప్రశ్న నాకు ఎక్కడా కనిపించలేదు. ఇరవై రెండేళ్లుగా సండే స్కూలులో పిల్లలకు వాక్యం చెబుతూ, రెండేళ్ల కిందట అలాంటి ఒక యాత్రకు వెళ్ళి వచ్చినవాడిగా ఆ ప్రశ్న గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పరాయి దేశానికి వెళ్ళిన విశ్వాసి, అక్కడ తన విశ్వాసం లోతు పడాలని నిజంగా కోరుకుంటే, బోధించడానికి ఎంత సిద్ధపడి వెళ్తాడో, ప్రశ్నించబడడానికీ దిద్దుకోవడానికీ అంతకంటే ఎక్కువ సిద్ధపడి వెళ్ళాలి. అతణ్ని పంపిన సంఘం కూడా అతడు తిరిగి వచ్చిన తర్వాత అతణ్ని అడగడం మానకూడదు.

మా బృందంలో ఏడుగురం. వెళ్ళిన దేశం పేరు, అక్కడి ఊరి పేరు రాయడం లేదు. నా ఉత్తరం వల్ల అక్కడి సంఘానికి ఏ చిన్న ఇబ్బందీ రాకూడదు. రెండో రోజు సాయంత్రం కూటంలో వాక్యం చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. నేను ఇంగ్లీషులో చెబితే, ఆ సంఘంలోని ఒక యువకుడు తన భాషలోకి మార్చి చెప్పాలి. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం తీసుకుని, కృపచేతనే రక్షింపబడియున్నారన్న మాట దగ్గర మొదలుపెట్టాను. ఆ వాక్యం మీద నేను ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు. కాగితం చూడనక్కరలేకుండా అరగంట చెప్పగలను. మూడో వాక్యం దగ్గరే ఆ యువకుడు అరచెయ్యి కొంచెం ఎత్తి నన్ను ఆపాడు. మైకును పక్కకు తిప్పి, నా చెవి దగ్గరకు వంగి, "మా భాషలో మీ మాటకు దగ్గరగా రెండు మాటలున్నాయి. పెద్దవాడు చిన్నవాడి మీద చూపే దయ ఒకటి, అప్పిచ్చినవాడు ఆ అప్పును కొట్టివేయడం రెండోది. మీరు ఏది అంటున్నారు?" అని అడిగాడు. రెండోదే అన్నాను. అతడు తల ఊపి, "అయితే మీ అప్పేమిటో ముందు చెప్పండి, అప్పుడే వీళ్ళకు అర్థమవుతుంది" అన్నాడు.

అతడు నన్ను ఇరుకున పెట్టాలని అడగలేదు. అనువాదం సరిగా జరగాలన్న శ్రద్ధతోనే అడిగాడు. అయినా నేను ఆ వేదిక మీద, నా ముఖం వైపే చూస్తున్న అంతమంది ఎదుట, చాలాసేపు నోరు మెదపలేకపోయాను. కృప గురించి నా దగ్గర నిర్వచనాలున్నాయి, ఉపమానాలున్నాయి, పాత నిబంధన నుంచి కొత్త నిబంధన దాకా వరస తప్పకుండా చెప్పగల రిఫరెన్సులున్నాయి. నాకు కొట్టివేయబడిన అప్పు ఇదీ అని వేలెత్తి చూపించే మాట మాత్రం నా దగ్గర లేదు. చివరికి నా నోటి నుంచి వచ్చింది నేను రాసుకుని తెచ్చుకున్న దేదీ కాదు. సొంత అన్నయ్యతో తొమ్మిదేళ్లుగా నాకు మాటలు లేవని, ఆయన నాకు బాకీ ఉన్నాడని నేను ఎంచుకున్నదాన్ని ఒక్క రోజు కూడా మరచిపోలేదని, దేవుడు మాత్రం నా బాకీ ఏదీ గుర్తు పెట్టుకోలేదని పిల్లలకు చెబుతూ వచ్చానని ఆ పరాయి మనుషుల ముందు ఒప్పుకున్నాను. ఆ యువకుడు ఒక్కొక్క మాటా నెమ్మదిగా తన భాషలోకి మార్చాడు. ఆ రోజు కూటంలో ఎవరి హృదయం కరిగిందో నాకు తెలియదు. నేను వాక్యం చెప్పిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆ వాక్యం నాకు వినబడింది.

ఈ అనుభవం నాకొక్కడికే కలిగిన వింత కాదని తర్వాత అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం మళ్ళీ చదివినప్పుడు తెలిసింది. కొర్నేలీ మారుమనస్సు కథగా దాన్ని పిల్లలకు చాలాసార్లు చెప్పాను. నిజానికి అందులో సగానికి పైగా పేతురు కథే ఉంది. యొప్పేలో మిద్దె మీద ప్రార్థన చేస్తున్నవాడికి మూడుసార్లు దర్శనం కనబడితే గానీ అతడు కదలలేదు. కైసరయలో రోమా శతాధిపతి అయిన ఆ కొర్నేలీ ఇంటి గడప దాటిన తర్వాతే, "దేవుడు పక్షపాతి కాడని నిజముగా గ్రహించియున్నాను" అన్న మాట అతడి నోట వచ్చింది. యేసుతో కలిసి తిరిగినవాడు, పెంతెకొస్తు రోజున వేలమందికి ప్రసంగించినవాడు, దేవుని గురించి అంత ప్రాథమికమైన సంగతిని యూదుడు కాని అన్యుడి ఇంట్లో నిలబడి నేర్చుకున్నాడు. పైగా అతడి ప్రసంగం పూర్తి కూడా కాలేదు. ఇంకా మాట్లాడుతుండగానే వింటున్నవారి మీదికి పరిశుద్ధాత్మ దిగాడని లూకా రాశాడు. పౌలు కూడా రోమా సంఘానికి రాస్తూ, మీకు ఏదైనా ఆత్మసంబంధమైన వరం అందించాలని ఉందని మొదలుపెట్టి, వెంటనే ఆ మాటను సవరించుకున్నట్టుగా, మీ విశ్వాసం చేత నేనూ నా విశ్వాసం చేత మీరూ ఆదరణ పొందాలని కోరుకుంటున్నానంటాడు. తాను అప్పటికి చూడని సంఘానికి అంతటి అపొస్తలుడు రాసిన మాట ఇది.

చరిత్రలో దీనికి నేను ఎప్పుడూ తలచుకునే సాక్ష్యం, మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీది. ఆయన 1735లో ఇంగ్లండు నుంచి ఓడ ఎక్కి అమెరికాలోని జార్జియా వలసకు మిషనరీగా బయలుదేరాడు. అప్పటికే అభిషేకం పొందిన గురువు, ఆక్స్‌ఫర్డులో చదువుకుని బోధించినవాడు, ఉపవాసాల్లోనూ ప్రార్థనా నియమాల్లోనూ ఎవరూ తప్పుపట్టలేనంత క్రమశిక్షణ గలవాడు. 1736 జనవరిలో నడిసముద్రంలో పెద్ద తుపాను వచ్చి, అలల దెబ్బకు ప్రధాన తెరచాప చీలికలై, నీళ్ళు ఓడ లోపలికి దూకినప్పుడు ఇంగ్లీషు ప్రయాణికులు కేకలు పెట్టారు. అదే ఓడలో ఉన్న మొరేవియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన జర్మన్ కుటుంబాలు మాత్రం అప్పుడే మొదలుపెట్టిన కీర్తనను ఆపకుండా పాడుతూ ఉండిపోయాయి. తర్వాత వెస్లీ వారిలో ఒకరిని, మీకు భయం వేయలేదా అని అడిగితే, లేదన్నాడు. మీ ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా వేయలేదా అంటే, మా ఆడవాళ్ళూ పిల్లలూ చావుకు భయపడరని జవాబిచ్చాడు. జార్జియా చేరాక ఆ మొరేవియన్ల పెద్దలలో ఒకడైన స్పాంగెన్‌బర్గ్, నీకు యేసుక్రీస్తు తెలుసా అని వెస్లీని అడిగాడు. ఆయన లోకరక్షకుడని తెలుసు అన్నాడు వెస్లీ. నిజమే, ఆయన నిన్ను రక్షించాడని తెలుసా అన్నది తర్వాతి ప్రశ్న. వెస్లీ ఏదో జవాబు చెప్పాడు గానీ, అవి ఉత్తి మాటలేమో అన్న భయం తనలో మిగిలిపోయిందని తన దినచర్యలో రాసుకున్నాడు. రెండేళ్లయినా నిండకుండానే, పరిచర్య చెడి, మనసు విరిగి ఇంగ్లండుకు తిరుగు ప్రయాణమయ్యాడు. ఇండియన్లను, అంటే అక్కడి ఆదివాసులను, మార్చడానికి అమెరికా వెళ్ళాను, నన్ను మార్చేవారెవరు అని ఆ తిరుగు ప్రయాణంలోనే రాసుకున్నాడు. 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడికలో తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన చెప్పుకున్న ఘట్టం అందరికీ తెలిసిందే. ఆ మే నెల సాయంత్రానికి బీజం పడింది జనవరి తుపానులోనని నా నమ్మకం. లెక్క ప్రకారం చూస్తే జార్జియా యాత్ర విఫలం. వెస్లీని పంపినవారు ఒక నివేదిక అడిగి ఉంటే, అందులో రాయదగ్గ అంకె ఏదీ ఆయన దగ్గర ఉండేది కాదు.

మా యాత్రలో నన్ను లోతుగా తాకిన రెండో సంగతి ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. మంచం పట్టిన ఒక వృద్ధురాలి కోసం ప్రార్థించి రమ్మని నాలుగో రోజు మమ్మల్ని ఆమె ఇంటికి తీసుకెళ్ళారు. చిన్న గది, ఒకటే కిటికీ. మేము ఏడుగురం లోపల పట్టక ఇద్దరు గుమ్మంలోనే నిలబడ్డారు. ఆమెకు చూపు దాదాపు లేదు. అలవాటు ప్రకారం మా నాయకుడు వెంటనే ప్రార్థన మొదలుపెట్టబోతే ఆమె చెయ్యి చాచి ఆపి, ముందు మా పేర్లు చెప్పమంది. ఒక్కొక్కరి పేరూ అడిగి, నాలుక తిరిగేదాకా వల్లెవేసింది. నా పేరు ఆమెకు నాలుగుసార్లు తప్పింది, అయిదోసారి సరిగ్గా వచ్చింది, అప్పుడు ఆమె ముఖంలో పిల్లలకు కలిగేంత సంతోషం కనబడింది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ, నీ కోసం కాక ఇంకెవరి కోసం ప్రార్థించమంటావు అని అడిగింది. నేను అన్నయ్య పేరు చెప్పాను. ఆ పేరు కూడా వల్లెవేసింది. ఆమె కోసం ప్రార్థించడానికి వెళ్ళిన మేము, ఆమె మా పేర్లతో ముప్పావుగంట సేపు చేసిన ప్రార్థన విని, కళ్ళు తుడుచుకుంటూ బయటకు వచ్చాము.

దారిలో నాకు లూకా సువార్త పదో అధ్యాయం గుర్తుకొచ్చింది. యేసు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు సంచి, జాలె, చెప్పులు వద్దన్నాడు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లోనే ఉండి, వారు పెట్టింది తినమన్నాడు. మొదటి గంట నుంచే ఇతరుల మీద ఆధారపడక తప్పని స్థితిలోకి ఆయన వారిని నెట్టాడు. దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని వారు ఉత్సాహంగా తిరిగొచ్చి చెబితే, దానికి సంతోషించకండి, మీ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు. నివేదికతో వచ్చినవారికి ఆయన ఇచ్చిన జవాబు అది. చూపు లేని ఆ వృద్ధురాలికి ఆ వాక్యం నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు లోకంలో క్రైస్తవులు ఎక్కడున్నారన్నది కూడా ఇక్కడ ఆలోచించాలి. ప్యూ పరిశోధనా కేంద్రం 2011లో ప్రకటించిన అంచనా ప్రకారం 1910లో ప్రపంచ క్రైస్తవుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఐరోపాలో ఉండేవారు. 2010 నాటికి అక్కడ మిగిలింది దాదాపు పావు వంతు; మిగతా ముప్పావు వంతు ఇతర ఖండాల్లోనే ఉన్నారు. అంటే ఈరోజు సువార్త యాత్రకు వెళ్ళేవాడు చాలా చోట్ల దిగేది తనకంటే ఎక్కువ శ్రమలు పడి, తనకంటే ఎక్కువ ప్రార్థించే విశ్వాసుల మధ్యనే. అక్కడ గురువు పీట మీద కూర్చుని వచ్చేస్తే పోగొట్టుకునేది అతడే.

ఈ సంగతిని అందరికంటే ముందు గ్రహించినవారిలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఒకరు. తెలుగు పాఠకులకు ఆయన దోర్నకల్ బిషప్పుగా తెలుసు. 1902లో ఆయన వై.ఎమ్.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘం పనిమీద సిలోను (నేటి శ్రీలంక)లోని జాఫ్నాకు వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు, ఎవరి సొమ్ము మీదా ఆధారపడకుండా, తామే డబ్బు పోగుచేసుకుని తమవారినే మిషనరీలుగా పంపుతుండడం చూశాడు. అంతకంటే ఎంతో పెద్దదైన తన తిరునెల్వేలి సంఘం అలాంటి పని చేయడం లేదన్న సంగతి ఆయనను కలచివేసింది. మరుసటి సంవత్సరమే, 1903లో, తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం ఏర్పడింది; ఆ సంఘం సువార్త పనికి ఎంచుకున్న ప్రాంతం నిజాం రాజ్యంలోని దోర్నకల్. కొన్నేళ్లకు అజరయ్య తానే ఆ ప్రాంతానికి బయలుదేరాడు, 1912 చివర్లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యాడు. ఒక పొరుగు దేశపు ప్రయాణంలో ఆయన తెలుసుకున్నది తన సంఘపు లోటును. ఆ బాధను దాచుకోకుండా ఇంటికి తెచ్చి నలుగురి ముందు పెట్టడం వల్లనే అది పనిగా మారింది. అదే అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధులున్న సభలో, ఎక్కువమంది పాశ్చాత్య మిషనరీలే అయిన చోట లేచి నిలబడి, మీరు పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్న భావంతో మాట్లాడాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయాన్ని ఆయన అక్కడున్నవారి ముందే తెరిచి పెట్టాడు. సభలో కొందరికి అది రుచించలేదు. ఈనాడు వెళ్ళి రావడం తేలికైన మనకు ఆ మాట మరింత గట్టిగా తగలాలి.

ఈ యాత్రల మీద ఒక న్యాయమైన విమర్శ ఉంది, దాన్ని నేను దాటవేయదలచుకోలేదు. 1998లో మిచ్ తుపాను హోండూరస్‌ను ధ్వంసం చేసిన తర్వాత అక్కడ ఇళ్ళు కట్టడానికి ఉత్తర అమెరికా నుంచి అనేక బృందాలు వెళ్ళాయి. వాటి ఫలితాలను పరిశీలించిన కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త, స్థానిక క్రైస్తవ సంస్థ సుమారు రెండు వేల డాలర్లతో కట్టగలిగే ఇంటికి, ప్రయాణ ఖర్చులన్నీ కలుపుకుంటే వచ్చిన బృందాలకు సుమారు ముప్పై వేల డాలర్లు అయ్యాయని 2006లో ప్రచురించిన అధ్యయనంలో రాశాడు. నన్ను ఇంకా ఎక్కువగా బాధించింది రెండో సంగతి. వెళ్ళివచ్చినవారిలో చాలామంది ఈ యాత్ర తమను మార్చిందని చెప్పినా, వారి ప్రార్థనలోనూ ఇవ్వడంలోనూ నిలిచిన మార్పు కొద్దిగానే కనబడిందట. మా జీవితం మారిపోయిందని వేదిక మీద చెప్పేటప్పుడు మనం అబద్ధం చెప్పడం లేదు. కదిలిన హృదయం మారిన హృదయం ఒకటేనని పొరబడుతున్నాము. విమానం దిగిన వారం రోజులు మనసు తడిగా ఉంటుంది, తర్వాత పాత ఎండ కాస్తుంది.

అందువల్ల ఈ యాత్రలు మానేయాలని వాదించేవారున్నారు. నేను ఆ మాట అనలేను. అన్నయ్య పేరు పరాయి దేశంలో ఒక ముసలి నాలుక మీద నలగకపోయి ఉంటే నేను ఇంకా అదే తొమ్మిదేళ్ల మౌనాన్ని మోస్తూ, అదే కృపను బోధిస్తూ ఉండేవాణ్ని. అయితే అంత ఖర్చు, అంతమంది కానుకలు పెట్టి పంపేటప్పుడు, వెళ్ళేవాడి విశ్వాసం లోతు పడడాన్ని అదృష్టానికి వదిలేయకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

అందుకు కావలసిన వాటిలో మొదటిది నిజాయితీ. చాలా దేశాల్లో మతపరమైన పనికి వేరే వీసా ఉంటుంది. పర్యాటక వీసా మీద వెళ్ళి బహిరంగ కూటాలు పెట్టడం ఆ దేశపు చట్టాన్ని మీరడమే కావచ్చు. దరఖాస్తులో ప్రయాణ ఉద్దేశ్యం అన్న గడి దగ్గర, ప్రభువు పనే కదా అని ఒక చిన్న అబద్ధం రాసి బయలుదేరినవాడు సత్యమైనవాడిని ప్రకటించడానికి ఏ నోటితో నిలబడతాడు? మేము వెళ్ళేముందు ఈ విషయంలో మా బృందంలోనే వాదన జరిగింది; అక్కడి సంఘం నుంచి ఆహ్వాన పత్రం వచ్చి, సరైన వీసా దొరికేదాకా ఆగుదామని పట్టుబట్టిన సహోదరికి నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను. ఆ ఆగిన రెండు నెలలే మాకు నిజమైన సిద్ధపాటు అయింది.

ఆ రెండు నెలల్లో మేము అక్కడి భాషలో ఒక కీర్తన, ప్రభువు ప్రార్థన నేర్చుకున్నాము. ఉచ్చారణ దారుణంగా ఉండేదని నాకు తెలుసు. అయినా మేము ఆ ప్రార్థన మొదలుపెట్టిన రోజున అక్కడి పిల్లలు నవ్వి, ఆ నవ్వుతోనే మాతో గొంతు కలిపారు. భాష నేర్చుకునేవాడు ముందు పసివాడవుతాడు. పసివాడైతే తప్ప పరలోక రాజ్యంలో ప్రవేశించలేమని చెప్పినవాడి శిష్యులకు అంతకంటే మంచి శిక్షణ ఉండదు.

ఫొటోల విషయం కొంచెం కటువుగా చెప్పవలసి వస్తోంది. ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి ముఖాన్ని, అతడి అనుమతి లేకుండా తీసి, మన సంఘపు తెర మీద చూపించడం తప్పు. నేను కూడా మొదటి రోజు ఆ తప్పు చేశాను. నన్ను ఆపి అనువాదం చేసిన ఆ యువకుడే, ఇవి ఎవరికి చూపిస్తారు అని మర్యాదగా అడిగాడు. ఆ రాత్రి వాటన్నిటినీ తుడిచేశాను. ఫోను సంచిలో పెట్టేశాక నా వాక్యధ్యానానికి, ప్రార్థనకు దొరికిన సమయం చూసి ఆశ్చర్యపోయాను.

ఫలితాల కోసం తొందర కూడా విశ్వాసాన్ని పైపైనే ఉంచుతుంది. అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1813లో బర్మా చేరితే, మొదటి విశ్వాసి బాప్తిస్మం 1819లో జరిగింది. ఆరేళ్లు. పైగా అంతకుముందు ఓడలో వస్తూ వస్తూనే, బాప్తిస్మం గురించి గ్రంథాన్ని పరిశీలించి, తాను అప్పటిదాకా నమ్మినది సరికాదన్న నిర్ణయానికి వచ్చి, కలకత్తాలో మళ్ళీ బాప్తిస్మం తీసుకుని, దానివల్ల తనను పంపిన సంస్థ సహాయాన్నే వదులుకున్నాడు. ఆ సిద్ధాంతంలో ఆయనతో ఏకీభవించనివారు కూడా, దారిలో తన మనస్సాక్షిని పరీక్షకు పెట్టిన తీరును గౌరవించక తప్పదు. పది రోజుల కోసం వెళ్ళే మనం ఎంతమంది రక్షణ పొందారన్న లెక్క చెప్పడానికి ఎందుకంత ఆత్రపడుతున్నామో నాకు అర్థం కాదు.

అన్నిటికంటే పెద్ద లోటు తిరిగొచ్చిన తర్వాతే ఉంది. అపొస్తలుల కార్యములు పదమూడో అధ్యాయంలో అంతియొకయ సంఘం ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి బర్నబాను, సౌలును పంపిందని మనం గుర్తుంచుకుంటాము. పద్నాలుగో అధ్యాయం చివర వారు తిరిగొచ్చి, సంఘాన్ని సమకూర్చి, దేవుడు తమకు తోడై చేసిన కార్యాలన్నీ వివరించి, ఆ శిష్యులతో బహుకాలం గడిపారన్న మాటను దాటేస్తాము. మాకు ఇచ్చింది పది నిమిషాలు. ఏ సంఘమో చెప్పను, వారిది చెడు ఉద్దేశ్యమూ కాదు. ఆ రోజు కార్యక్రమం ఎక్కువైంది. తర్వాత మూడు నెలల దాకా, నీకు అక్కడ ఏమయింది, నువ్వు ఏం నేర్చుకున్నావు, దాన్ని ఇప్పుడు ఏం చేస్తున్నావు అని పెద్దలుగానీ కాపరిగానీ, మా ఏడుగురిలో ఒక్కరినీ అడగలేదు. మాలో ఇద్దరు చిన్నవాళ్ళు, తిరిగొచ్చాక ఆరాధన చప్పగా అనిపిస్తోందని, తమ విశ్వాసమే సన్నగిల్లిందేమోనని నా దగ్గర బాధపడ్డారు. వారి అలసటను, అక్కడ చూసిన లేమి తాలూకు దిగులును కూర్చుని వినేవారే లేకపోతే, ఆ యాత్ర వారిని లోతుకు తీసుకెళ్ళే బదులు ఒంటరితనంలోకి నెట్టే ప్రమాదం ఉంది. అప్పటి నుంచి మేమే నెలకొకసారి కలుసుకుని, ఒకరినొకరం అడుగుతున్నాము. సంఘాల పెద్దలకు నా మనవి కూడా అంతే: యాత్రకు పంపే ముందు ఎన్ని కూడికలు పెడతారో, వచ్చిన తర్వాత కనీసం అన్ని పెట్టండి, వాటిలో అంకెలు అడగకుండా మనిషిని అడగండి, కనీసం ఒక సంవత్సరం పాటు ఒక పెద్దను ఒక్కొక్కరికి తోడుగా నియమించండి.

నన్ను మాత్రం అడిగేవారు ఒకరున్నారు. ఆ అనువాదకుడు నెలకోసారి ఫోను చేస్తాడు. ప్రతిసారీ ఆ వృద్ధురాలి మాటగా ఒకే ప్రశ్న అందిస్తాడు: అన్నయ్య మాట్లాడుతున్నాడా? మొదటి నాలుగు నెలలు లేదనే చెప్పాను. అయిదో నెల అన్నయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపాడు. ఇప్పుడు ఫోను తీస్తున్నాడు. అమ్మ ఆరోగ్యం గురించి రెండు మూడు నిమిషాలు మాట్లాడుకుంటాము, బాకీ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. ఈ మాట అతడితో చెబితే, ఆమె మా ఇద్దరి పేర్లూ కలిపి ప్రార్థిస్తోందని, అన్నయ్య పేరు ఇప్పుడు మొదటిసారికే సరిగ్గా పలుకుతోందని చెప్పాడు.

ఇట్లు,
ఒక సండే స్కూలు ఉపాధ్యాయుడు